ఊరిని అడిగిన చలికాలం

ఆ చలికాలం, పసుపు తవ్వకాలు మొదలైన రోజుల్లో, మా ఊళ్లో సగం మందికి ఢిల్లీ నుంచి జవాబు వచ్చింది. విచిత్రం ఏమిటంటే, మా ఊళ్లో ఎవరూ ఢిల్లీకి ఏమీ రాయలేదు.

ముందుగా ఫోను పట్టుకొని మా ఇంటికి పరుగెత్తుకొచ్చినవాడు మొగిలి. తలకు మఫ్లరు, చేతులకు పసుపు మట్టి, ముఖంలో నెత్తురు చుక్క లేదు. మళ్లీ గల్ఫ్ పోదామని పాస్‌పోర్టు రెన్యువల్‌కు పెట్టుకున్నాడు. సర్కారు పేరుతో ఏది వచ్చినా అది తన పాస్‌పోర్టును ఆపడానికే వచ్చిందని అతని భయం.

“వదినె, గిది సూడు జెర. గవర్నమెంట్ అని ఉన్నది. ఏమన్న కేసా?”

నాకు వచ్చిన ఇంగ్లీషు పదో తరగతి దగ్గర ఆగిపోయింది. అయినా కూడబలుక్కొని చదివాను. థాంక్యూ అన్నారు, సపోర్ట్ అన్నారు, క్వశ్చన్ అన్నారు.

“కేసైతే థాంక్యూ ఎందుకు చెప్తరు మొగిలీ?” అన్నాను.

ఆ మాటతో అతను కొంచెం ఊపిరి పీల్చుకున్నాడు. అంతలో అతని వెనకాలే ఎల్లన్న వచ్చాడు. ఎల్లన్న వెనక సాయవ్వ వచ్చింది. అందరి ఫోన్లలోనూ అదే మెయిలు. మా అత్త దుర్గవ్వ బీడీల చాట ఒళ్లోంచి దించకుండానే, “ఊరోళ్లయన్ని సూత్తానవ్, నీ ఫోన్ల సుత సూడరాదు” అంది. చూశాను. నాకూ వచ్చింది. నేను దేన్నో గట్టిగా సపోర్ట్ చేశానట.

వాళ్లంతా నా దగ్గరికే ఎందుకు వచ్చారంటే, నేను జలపతి చెల్లెలిని. కోరుట్ల బస్టాండు ఎదురుగా మొబైల్ షాపు పెట్టుకున్న జలపతి మా అన్న. మా దిక్కు మగవాళ్లు గల్ఫ్‌లో ఉంటారు, ఆడవాళ్లు బీడీలు చుడతారు, మధ్యలో మా అన్న ఉంటాడు. ఎవరు ఫోను కొన్నా అతని చేతిలో పెట్టి, “అన్నా, గిండ్ల అన్ని ఎక్కియ్యి” అని చెప్పి, పక్క హోటల్లో చాయ్ తాగి వస్తారు. ఆ లోపల అన్న మెయిలు తెరుస్తాడు, ఫొటోలు పెట్టుకునే ఖాతా తెరుస్తాడు, వీడియో కాల్ ఎక్కిస్తాడు. పాస్‌వర్డు అందరికీ ఒకటే. ఊరి పేరు, పక్కన వన్ టూ త్రీ. మరిచిపోయినవాళ్లు మళ్లీ షాపుకు పోతే తనే తెరిచి ఇస్తాడు. ఇందులో తప్పుందని ఎవరికీ తోచలేదు. పెళ్లికి పోతూ ఇంటి తాళంచెవి పక్కింట్లో ఇచ్చిపోయినట్టే అనుకున్నారు.

మరునాడు బస్సెక్కి షాపుకు పోయాను. అన్న ఎవరిదో పగిలిన ఫోను అద్దం ఊదుకుంటూ కూర్చున్నాడు.

“అన్నా, మా పేర్ల మీద ఢిల్లీకి ఏమన్న రాసినవా?”

“రాసుడేంది? బటన్ ఒత్తిన.” తల ఎత్తకుండానే చెప్పాడు. “ఫ్రీ నెట్ అత్తాంది చెల్లె. దాన్ని ఆపుదామని ఎవలో సూత్తాండ్రట. కావాలె అన్నోళ్లు బటన్ ఒత్తుండ్రి అని కంపెనీ పిలగాడచ్చి చెప్పిండు. నా తాన ఉన్న ఐడీలన్నిట్ల ఒత్తిన.”

“మమ్ముల అడిగినవా?”

“ఫ్రీ అంటే అద్దనేటోడు ఎవడన్న ఉంటడా? గిండ్ల అడుగుడేంది?”

అతని ముఖంలో మోసం లేదు. ఉంటే బాగుండేది, నాలుగు మాటలని చేతులు దులుపుకునేదాన్ని. మా అన్న పెళ్లి పంక్తిలో వడ్డించే రకం. వద్దని విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టినా, వేళ్ల సందుల్లోంచి లడ్డు జారవిడిచి పోతాడు. తిన్నవాడి కడుపు సంగతి అతనికి పట్టదు.

“మరి ఢిల్లోళ్లు మళ్ల ఏదో అడుగుతాండ్రు గద?”

“ఏమో, అంత ఇంగ్లీషుల ఉన్నది. డిలీట్ కొట్టుమని చెప్పు అందరికి.”

డిలీట్ కొట్టడం నాకు చేతకాలేదు. చిన్నప్పటి నుంచి నాదొక రోగం. కిరాణా కొట్టువాడు జీలకర్ర పొట్లం కట్టిన కాగితం కూడా చదవందే పారేయను. అలాంటిది ఢిల్లీవాళ్లు పేరుపెట్టి పిలిచి నన్నొక సంగతి అడుగుతుంటే, అదేమిటో తెలుసుకోకుండా అన్నం ఎట్లా సహిస్తుంది?

ఇంగ్లీషు చదివిపెట్టే మనిషి నా ఎరుకలో ఒక్కతే ఉంది. నర్సింగ్ రావు గారి బిడ్డ తార. ఒకప్పుడు మా ఊరికి దొరలు. ఇప్పుడు జగిత్యాలలో ఉంటారు, ఇక్కడ మిగిలిన పొలం ఎల్లన్న పాలుకు చేస్తాడు. తార ఇంజనీరింగు చదువుతోంది. నెట్టును కాపాడాలని ఫోన్లో పెద్ద ఉద్యమమే నడుపుతోంది. అంతకు నెల ముందు మా పంచాయతీ ఆఫీసు దగ్గర మీటింగు కూడా పెట్టింది. వచ్చింది ఎల్లన్న ఒక్కడే. దొరగారి బిడ్డ పిలిస్తే రాకుండా ఉండలేడు కాబట్టి వచ్చాడు.

ఆదివారం పసుపు తవ్వకం చూడటానికి తండ్రితో వచ్చినప్పుడు చేను గట్టు మీద పట్టుకున్నాను. మెయిలు చదివి ఆ పిల్ల పకపకా నవ్వింది.

“కవితక్కా, మీరు సపోర్ట్ అన్నరు కదా, దానికి ఢిల్లీల ఫోన్ కంపెనీల మీద ఉండే సర్కారు ఆఫీసోళ్లు ఏమన్నరంటే, మేము అడిగింది అది కాదు, కొన్నిటికి ఒక రేటు, కొన్నిటికి ఇంకో రేటు పెట్టొచ్చా లేదా అని అడిగినం, దానికి జవాబు చెప్పుండ్రి అంటున్నరు.”

“కొన్నిటికి అంటే?”

“ఫ్రీ అంటే మొత్తం నెట్ ఫ్రీ కాదక్కా. కంపెనీ ఏరి పెట్టినవి కొన్నే ఫ్రీ. మిగతావి చూడాలంటే పైసలు కట్టాలె. ఏది ఫ్రీనో, ఏది కాదో వాళ్లే డిసైడ్ చేస్తరు. నెట్ల అన్నీ ఒకటే తీరుగ ఉండాలె అని మా కొట్లాట.”

“గా ఫ్రీల వీడియో కాల్ ఉంటదా?”

“ఉండదు.”

అప్పటిదాకా ఊరందరి సంగతి అనుకున్నది, ఆ ఒక్క మాటతో మా ఇంటి సంగతి అయింది. 

నా బిడ్డ అనూషకు పుట్టుకతోనే చెవులు వినపడవు. ఊరు మూగపిల్ల అంటుంది కానీ, దానంత మాటకారి మా ఇంట్లో ఇంకొకరు లేరు. అన్నీ చేతులతోనే. నేను దానికి చేతులతో మాట్లాడటం ఏ బడిలోనూ నేర్చుకోలేదు. నా పుట్టిల్లు సిరిసిల్ల. మా నాయన సాంచాలు, అంటే మరమగ్గాలు నడిపేవాడు. వాటి చప్పుడులో మనిషి గొంతు ఎందుకూ పనికి రాదు, అక్కడ అందరూ చేతులతోనే మాట్లాడుకుంటారు. మధ్యాహ్నం సద్ది తీసుకుపోయి ఆ సైగలు చూస్తూ అక్కడే కూర్చునేదాన్ని. అందుకే డాక్టరు చెప్పినప్పుడు మా ఇంట్లో అందరూ ఏడ్చారు కానీ, నాకు మాత్రం దారి కనిపించింది. సాంచాల దగ్గర పోగు తెగిందని చెప్పడానికి రెండు వేళ్లు విడదీస్తారు. మా అనూషకు అది కాల్ కట్ అయిందని చెప్పే మాట.

దాని తండ్రి జగదీశ్ ఖతార్‌లో ఉంటాడు. శుక్రవారం సెలవు, ఆ రోజు పొద్దున వీడియో కాల్ చేస్తాడు. గొంతు మాత్రమే వచ్చే ఫోను మా అత్తకు ఫోను, నాకు ఫోను. అనూషకు మాత్రం అది ఒట్టి డబ్బా.

ఆ శుక్రవారం ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. క్యాంపులో పిల్లి ఈనిందట. ఎన్ని పిల్లలు, ఏ రంగు, తల్లి ఎవరి మంచం కింద పెట్టింది అని అది అడగడం, ఆయన వంగి ఫోను మంచం కిందికి తిప్పి చూపించడం. చివరకు నాకు ఇచ్చింది.

“ఫ్రీ నెట్ అత్తదట గద? బావ చెప్పిండు” అన్నాడు జగదీశ్. “గది రాంగనే గా నెట్ ప్యాక్ బంద్ చెయ్యి. అవ్వ సుత గదే అంటాంది.”

“గా ఫ్రీల వీడియో రాదు. నీ చేతులు పిల్లకు కనవడయ్.”

తెర మీద ఆయన చేతులు రెండూ ఒకదాన్ని ఒకటి పట్టుకొని ఊరికే ఉండిపోయాయి.

పక్కన అత్త వింటూనే ఉంది. మా ఇంట్లో రీచార్జి పైసలు ఆమె కొంగు ముడిలోనే ఉంటాయి. వారానికి ఒక్కసారి బొమ్మ చూసేదానికి ఇంత ఖర్చా అని ఆమె ఏడాదిగా గొణుగుతూనే ఉంది. ఫ్రీది వస్తే ఆమె చేతిలోంచి ఆ పైసలు ఇక రాలవని నాకు తెలుసు. నాకు భయం వేసింది. భయంతోపాటు ఇంకో ఆలోచన కూడా వచ్చింది. నాకు వీడియో కావాలి. మరి మిగతావాళ్లకు ఏం కావాలి? మా అన్న అడగలేదు. ఢిల్లీ అడుగుతోంది. మధ్యలో నేనెందుకు అడగకూడదు?

అన్నకు ఫోను చేసి చెప్పాను. అంతెత్తున లేచాడు.

“అందరికి నేనే ఒత్తిన అని చాటింపేత్తవా? బజార్ల నా ఇజ్జత్ తీత్తవా? రేపు నా షాపుల ఫోన్ కొంటరా ఎవలన్న?”

“నిన్ను ఎవలు ఏమనకుంట నేను చెప్త. కని అడుగుడైతే అడుగుత.”

“అయితే నా షాపు మెట్లు ఎక్కకు” అని పెట్టేశాడు. తోడబుట్టినవాడు ఆ మాట అంటే ఎట్లా ఉంటుందో నేను చెప్పనక్కర లేదు. ఆ పూట నేను అన్నం తినలేదు.

తార ల్యాప్‌టాప్ పట్టుకొని వచ్చింది. ఇద్దరం ఇల్లిల్లూ తిరిగాం. నేను అడుగుతాను, వాళ్లు చెప్తారు, తార ఇంగ్లీషులో కొట్టి వాళ్ల మెయిల్లోంచే పంపుతుంది. ముందు సంగతంతా విడమరిచి చెప్పి, కంపెనీ ఏరి పెట్టినవి ఫ్రీగా ఇస్తే మేలా, అన్నిటికీ ఒకే రేటు ఉంటే మేలా, అసలు నీకు నెట్టు దేనికి అని అడిగేదాన్ని. అడిగేకొద్దీ నాకు ఆశ పెరిగింది. ఇన్నేళ్లుగా రోజూ చూసే మనుషులు చేతిలో ఫోను పెట్టుకొని ఏం చూస్తున్నారో నాకేమీ తెలియదని అప్పుడు తెలిసింది.

ఎల్లన్నను పసుపు ఉడకబెట్టే కడాయి దగ్గర పట్టుకున్నాం. నేను ఏది అడిగినా ముందు తార ముఖం చూసి, “దొరసాని ఎట్లంటే గట్లనే” అంటాడు. తారను మంచినీళ్ల కోసమని బోరు దగ్గరికి పంపాను. అప్పుడు నోరు తెరిచాడు.

“నిజామాబాద్ యార్డుల రేటు సూసుకుంట. ఒకడు ఒకటి చెప్తడు, ఇంకోడు ఇంకోటి చెప్తడు, నాలుగు సూసి సరుకు కదిలిత్త. కంపెనీ పెట్టిందొక్కటే సూడుమంటే గా ఒక్కడు చెప్పిందే రేటైతది గద? నాకు గట్ల అద్దు.”

మొగిలిది ఇంకో లెక్క. ఏజెంటు ఇచ్చిన వీసా అసలుదో నకిలీదో నెట్లో వెతుకుతాడట. “మొదటిపారి పోయినప్పుడు గిది తెల్వకనే మునిగిన” అన్నాడు. అతనికీ ఏరి పెట్టింది వద్దు. తార వేళ్లు హుషారుగా టకటకలాడాయి.

సాయవ్వ దగ్గర ఆ వేళ్లు ఆగాయి. సాయవ్వ మా అత్త ఈడుది. కొడుకు మస్కట్‌లో ఉంటాడు. ఆమె చుట్టిన బీడీలకు దారం కడుతూ అంతా శ్రద్ధగా విన్నది, రెండు ప్రశ్నలు అడిగింది, ఆ తరువాత తేల్చేసింది.

“నాకు ఫ్రీదే కావాలె బిడ్డ. నా కొడుకు ఫొటో ఒకటి అత్తె సాలు, మంచిగున్న అని రెండు ముక్కలు రాత్తె సాలు. వీడియోల నేను సూడ. సూత్తె ఏడుపత్తది. రాయి, సాయవ్వకు ఫ్రీ కావాలె అని.”

తార నన్ను వాకిట్లోకి పిలిచింది.

“అక్కా, ఇది పంపొద్దు. మన పాయింట్ వీక్ అయితది. ఆమెకు సరిగ్గ సమజ్ కాలేదు. నా తాన రెడీగ ఒక మెయిల్ ఉన్నది, దేశమంత అదే పంపుతున్నరు. అది పెడదాం.”

“ఆమెకు సమజైంది తారమ్మా. మనకు నచ్చలేదు, గంతే.”

“కానీ ఆమె మంచికే కదక్కా మనం చేసేది?”

“మా అన్న సుత గదే అన్నడు.”

తార కాసేపు ల్యాప్‌టాప్ మూత మీద వేలితో గీతలు గీసింది. ముఖం ఎర్రబడింది. ఇక వెళ్లిపోతుందనే అనుకున్నాను. మళ్లీ లోపలికి పోయి సాయవ్వ పక్కన కూర్చుంది. “ఇంకోసారి చెప్పు సాయవ్వా, నువ్వు చెప్పినట్టే రాస్త” అంది. సాయవ్వ మళ్లీ చెప్పింది. పంపేశాం. నా బిడ్డకు ఎదురు పడే మాటను నా చేతులతోనే పంపించాను.

ఇంటికి వచ్చేసరికి అత్త వాకిట్లోనే ఎదురు చూస్తోంది. తనను అడగలేదని ఆమెకు కోపం.

“నాకు ఫ్రీ కావాలె. నేను సుత ఊర్లె మనిషినే గద, రాయి” అంది. రాశాం. నా ముఖం మాడిపోయింది. ఆమె అది చూసి, చాట పక్కకు పెట్టి, “ఊరందరిని అడిగినవ్. నీ బిడ్డను అడిగినవా?” అంది.

అడగలేదు. దాని తరఫున ఏం రాయాలో నాకు తెలుసనే అనుకున్నాను. తార నన్ను చూసింది, నేను తారను చూశాను, ఇద్దరికీ నవ్వొచ్చింది.

అనూషను కూర్చోబెట్టి అడిగాను. నెట్టంటే సైగ లేదు మాకు. ఫోను చూపించి, గాలిలో గీత గీసి, ఢిల్లీలో పెద్దవాళ్లు అడుగుతున్నారని ఎట్లాగో చెప్పాను. అది అంతా చూసి, నేను రాస్తానంటే తల అడ్డంగా ఊపింది. వాళ్లు అడిగింది తనను కాబట్టి తనే చెప్తుందట. ఫోనులో తీయమంది. జడ ముందుకు వేసుకొని గోడకు ఆనుకొని నిలబడింది. తార తీసింది.

వీడియోలు చూస్తారో లేదో తెలియదని తార ముందే చెప్పింది. అయినా జతచేసి పంపుదామంది. మా ఊరి సిగ్నలుకు అది కదల్లేదు, గుండ్రంగా తిరుగుతూనే ఉంది. పంపాలంటే గట్టి నెట్టు ఉన్న చోటు ఒక్కటే. మా అన్న షాపు.

అటు తరువాత, ఫిబ్రవరిలో, ఢిల్లీ వాళ్లు తేల్చి చెప్పారు. నెట్టులో ఒక్కోదానికి ఒక్కో రేటు పెట్టడం కుదరదని. తార జగిత్యాల నుంచి ఫోనులోనే ఎగిరి గంతేసింది. సాయవ్వ నెల రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఆ తీర్పులో మా ఊరి మాటలు ఎంత ఉన్నాయో, అసలు ఎవరైనా చదివారో లేదో నాకు తెలియదు. పేపర్లో వచ్చిన ముక్క కోసుకోవాలని కూడా తోచలేదు. ఆ కాలం అనగానే నాకు వీడియో పట్టుకొని అన్న షాపుకు పోయిన సాయంత్రమే కళ్ల ముందుకు వస్తుంది.

బిడ్డను తీసుకొని షాపు మెట్లు ఎక్కాను. జనం ఉన్నారు. అన్న నన్ను చూసీ చూడనట్టు ఒక సిమ్ము కత్తిరిస్తున్నాడు. అనూషను చూసి మాత్రం అలవాటుగా సీసాలోంచి చాక్లెట్ తీసి ఇచ్చాడు. దానికి తొమ్మిదేళ్లు వచ్చినా వాళ్లిద్దరి మధ్య నడిచిన సంభాషణ అంతా ఆ చాక్లెట్టే.

“ఈ వీడియో ఢిల్లీకి పోవాలె. మా తాన పోతలేదు” అన్నాను.

ఎక్కొద్దన్నాను కదా అని అంటాడేమో అనుకున్నాను. అనలేదు. ఫోను తీసుకొని, వైరు పెట్టి కంప్యూటర్లోకి ఎక్కించాడు. తెర మీద పెద్దగా అనూష వచ్చింది. వేలితో మీసం దువ్వింది. రెండు చేతులూ చాచి ఆడించింది. ఆ తరువాత బొటనవేలితో అరచేతిని గట్టిగా ఒత్తింది. మళ్లీ ఒత్తింది. అన్న చెయ్యి మౌసు మీదే ఆగిపోయింది.

“గిదేంది? బటన్ ఒత్తుడు సూపెడతాంది. నా మీద ఢిల్లీకి కంప్లేంట్ ఇత్తాందా?”

“కంప్లేంట్ కాదు. గది నీ పేరు. మామ అంటే దానికి గంతే. మొదలు సంది.”

“నాకు పేరున్నదా?”

తెర మీద అనూష ఇంకా ఏదో చెప్పుకుంటూ పోతోంది. అన్న అటే చూస్తూ నా వైపు తల తిప్పాడు. “ఏమంటాంది చెల్లె?” అని అడిగాడు.

“నన్నడుగుతవేంది? ఈన్నే ఉన్నది గద, దాన్నే అడుగు.”

నాకు తెలుసు అదేం చెప్పిందో. మామ ఫోను తెచ్చి ఇచ్చాడని, అంతకుముందు నాన్న అంటే గోడ మీద ఫొటో అని, మామ ఇచ్చిన దాంట్లో నాన్నకు చేతులు వచ్చాయని, వాటిని తీసుకోవద్దని చెప్పింది. మొట్టమొదట మా ఇంటికి ఆ ఫోను ఇచ్చింది మా అన్నే. అతను మరిచిపోయాడు, నేనూ మరిచిపోయాను. అది మరవలేదు.

అన్న స్టూలు దగ్గరికి జరుపుకొని దాని ఎదురుగా కూర్చున్నాడు. తన బొటనవేలు తన అరచేతిలో పెట్టి మొరటుగా ఒత్తుకొని, కనుబొమ్మలు ఎగరేశాడు. అనూష కిలకిలా నవ్వి, చాక్లెట్ కాగితం గల్లా మీద పడేసి, అతని వేళ్లు పట్టుకొని సరిగ్గా మలిచింది. తరువాత మొదటి నుంచి, మెల్లగా, చిన్న పిల్లవాడికి చెప్పినట్టు చెప్పడం మొదలుపెట్టింది.

“జలపతన్నా, నాది రీచార్జ్ జెర జెల్ది కొట్టరాదే, బస్సున్నది” అన్నారు వెనక నుంచి ఎవరో.

అన్న దాని చేతుల మీంచి కళ్లు తిప్పలేదు.

“ఆగుండ్రి. మా కోడలు మాట్లాడుతాంది.”